ప్రభకు కుడిపక్క మా డేరా

మా ముత్తాత మూడు గ్రామాలకు మునసబు. ఆయన సంతకం లేకుండా ఆ మూడు ఊళ్ళలో గేదె కూడా చేతులు మారేది కాదని మా ఇంట్లో చెప్పుకునేవారు. గేదెలు ఏమనుకునేవో ఎవరూ రాసిపెట్టలేదు. మా తాత తాలూకా బోర్డు మెంబరు. నరసరావుపేట రోడ్డు మీద ఆయన బండి ఎదురైతే సైకిలు తొక్కేవాడు దిగి నడిచేవాడు. మా నాన్న మునసబూ కాదు, మెంబరూ కాదు, మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో వాటాదారు. వాటా పోయిన తర్వాత కూడా పదిహేనేళ్ళు వాటాదారు హోదాలోనే బతికి, ఆ హోదాలోనే పోయాడు. నేను కాలేజీలో కామర్సు చెప్పి రిటైరైనవాణ్ణి. నరసరావుపేటలో మూడో అంతస్తులో అద్దెకుంటాను. నా స్కూటరు ఎదురైతే ఎవరూ దిగరు. హారను కొడతారు.

ఈ వరసలో, ఊళ్ళో అమ్ముకోగా మిగిలిన గొడ్ల దొడ్డి ముక్క కాక, నా దాకా చెక్కుచెదరకుండా వచ్చింది ఒక్కటే. కోటప్పకొండ తిరునాళ్ళలో మా ఊరి ప్రభ వచ్చి నిలిచే చోటికి కుడిపక్కన మా డేరా వేసుకునే జాగా. దానికి పట్టా లేదు, సర్వే నంబరు లేదు. అందుకే మా నాన్న చేతిలో పడి కూడా మిగిలింది. శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్ళు మేడల కంటే ఎత్తైన వెదురు ప్రభలు కట్టి, రంగు గుడ్డలు చుట్టి, కొండ కిందికి తోలుకొస్తాయి. మా ఊరి ప్రభ వచ్చి నిలిచాక మొదటి కొబ్బరికాయ మా డేరా ముందు కొట్టాలి. ఆ కాయ మా ఇంటి కోడలు అందించాలి. మా ముత్తాత నాటి నుంచి అది ఆనవాయితీ.

పాత డేరా మందపాటి కాన్వాసుది. దాంట్లో కలెక్టరు దొర భోంచేశాడని ప్రతీతి. మా నాన్న హయాంలో అది కళ్ళంలో మిరపకాయల మీద కప్పడానికి వెళ్ళి తిరిగి రాలేదు. ఆ తర్వాత ఏటా నాలుగు వాసాలు పాతి, పైన జంపఖానా కట్టి, దాన్నే డేరా అనేవాళ్ళం. మొన్నామధ్య వరసగా రెండేళ్ళు అదీ వేయలేదు. ఒక ఏడు నా మోకాలు సహకరించలేదు. ఇంకో ఏడు ఎవరూ పిలవలేదు కదా అని భీష్మించుకుని ఇంట్లో కూర్చున్నాను. పిలుస్తారని చూశాను. ప్రభ పనుల్లో వాళ్ళకు తీరిక లేకపోయింది.

మూడో ఏడు, తిరునాళ్ళకు నెల ముందు, ప్రభ కమిటీ పెద్ద ఫోను చేశాడు. వరసగా మూడేళ్ళు డేరా పడకపోతే జాగా ఊరిదవుతుందని మా ఊళ్ళో కట్టుబాటు. ఆ సంగతి నాకు తెలియనట్టు వివరంగా చెప్పాడు.

"బాబాయ్, ప్రభ వచ్చి నిలిచే యాళకు మీ డేరా నిలబడి ఉండాల. లేకపోతే మజ్జిగ పందిరి ఆడ వేస్తాం. జనం చానా ఎక్కువైపోయారు."

వాళ్ళ తాత మా తాతను అయ్యగారూ అని పిలిచేవాడు. రెండు తరాల్లో అయ్యగారు బాబాయ్ అయ్యాడు. ఇంకో తరానికి ఏమవుతాడో చూసే ఓపిక నాకు లేదు. డేరా నిలబడి ఉంటుందని చెప్పి పెట్టేశాను.

మా వైపు టెంటు అంటే టెంట్ హౌస్ షామియానా. పెళ్ళికి అదే, పెద్దకర్మకు అదే. అంచు కుచ్చులు కూడా మార్చరు. మా ఊరి టెంట్ హౌసాయన షామియానాలు ఏటా ప్రభ దగ్గర మా జాగాకు ఆనుకుని దక్షిణం పక్కన పడతాయి. ఊరికి ఉచితం. ఆయన తాత, తండ్రి మా తాత డేరా వేసినవాళ్ళు. మా తాత కుర్చీలో కూర్చుని ఆ మూల లాగు, ఈ మూల బిగించు అనేవాడట. లాగిందీ బిగించిందీ వాళ్ళు. ఆ పనితనం వాళ్ళింట్లో మనవడి దాకా దిగింది. కుర్చీలో కూర్చునే పనితనం మా ఇంట్లో నా దాకా దిగింది.

ఆ అబ్బాయికి ఒక్క ఫోను చేస్తే పొద్దున్నే వేసిపోతాడు గదా అంది మా ఇంటావిడ. యాభై దాటినవాడు ఆమెకు ఇంకా అబ్బాయే. మా డేరా జాగాలో అద్దె షామియానా వేయించుకుంటే రేపు కాయ అందించడానికి కూడా అద్దెకు మనిషిని తెచ్చుకోవచ్చన్నాను. కాపురానికి వచ్చిన ఏటి నుంచి, ఆ రెండేళ్ళు తప్ప, ఏటా ఆ కాయ అందించిన మనిషి ఆమె. పట్టుచీర పెట్టెలోంచి తీసి ఎండలో వేసింది. మాటలకంటే అది గట్టిగా చెప్పింది.

అప్పుడు మా అల్లుడు రంగంలోకి దిగాడు. హైదరాబాదులో ఉద్యోగం. శని, ఆదివారాలు ఇంట్లో ఉంటే జీతం కోస్తారన్నట్టు భార్యాబిడ్డల్ని వెంటేసుకుని కొండలూ చెరువులూ పట్టి తిరుగుతాడు. సొంత ఫ్లాటు కొనుక్కుని బయట గుడ్డ కింద పడుకోవడంలో ఉన్న సుఖం ఏమిటో ఒకసారి అడిగాను. ప్రకృతి అన్నాడు. పల్నాడులో పుట్టినవాళ్ళం మేం ప్రకృతిని ఏప్రిల్‌లో చూస్తాం, పడుకోవాలని ఎప్పుడూ అనిపించలేదు.

ఫ్యామిలీ క్యాంపింగ్ టెంటు కొందాం మామయ్యా, మళ్ళీ ఏడాదికీ పనికొస్తుంది అన్నాడు. సొంత డేరా అన్నమాట. ఆ ముక్క నాకు నచ్చింది. ఫోను ముందు పెట్టుకుని మూడు సాయంత్రాలు కూర్చున్నాం.

అందులో ఒకటి ఎనిమిది మందికి అని రాసి ఉంది. ఆ లెక్క వేసినవాడు మనుషుల్ని అగ్గిపెట్టెలో పుల్లల్లా పేర్చి చూసి ఉంటాడు. రాసినదాంట్లో సగమే లెక్కేసుకోవాలని అల్లుడు చెప్పాడు. కోల్డ్ స్టోరేజీ బ్యాలెన్స్ షీటుకు కూడా ఈ సూత్రం ముందే ఎవరైనా చెప్పి ఉంటే మా నాన్న బాగుపడేవాడు. కొన్నవాళ్ళ అభిప్రాయాలూ చదివాం. వానకు చుక్క కారలేదు అని ఒకాయన మెచ్చుకున్నాడు. తేదీ చూస్తే నడి వేసవి. రెండు గదులుగా మధ్యలో తెర ఉన్నది కావాలన్నాను, అత్తగారూ అల్లుడూ ఒకే గుడ్డ కింద ఎలా నడుం వాలుస్తారని. ఆ తెర దోమకు కూడా అడ్డం కాదు, నేను కార్లో పడుకుంటానని మా ఇంటావిడ తన గది తాను చూసుకుంది.

అసలు పేచీ గుమ్మం దగ్గర వచ్చింది. అల్లుడికి నచ్చినవన్నీ బోర్లించిన బాణలిలా గుండ్రంగా, పొట్టిగా ఉన్నాయి. గాలికి అవే ఆగుతాయన్నాడు. వాటి గుమ్మం నా నడుం ఎత్తు. లోపలికి వెళ్ళాలంటే చేతులూ మోకాళ్ళూ నేలకు ఆనించాలి.

"రెండు సెకన్ల పనే కదా, మామయ్యా."

"మా ఇంట్లో ఆ రెండు సెకన్ల పని ఇంతవరకూ ఎవరూ చేయలేదు బాబూ."

అలా నిలువెత్తు గుమ్మం ఉన్నది ఎంచుకున్నాం. చిన్నసైజు గదిలా నిటారు గోడలు, లోపల నిలబడి కండువా సర్దుకునేంత ఎత్తు. ఎత్తు ఎక్కువైతే గాలి పడుతుంది, పక్కలకు తాళ్ళు లాగి కట్టాలి, అందుకు చుట్టూ నాలుగేసి అడుగుల జాగా కావాలి అని అల్లుడు చెబుతూనే ఉన్నాడు. నేను ఎత్తు దగ్గరే ఆగిపోయాను. రంగు నారింజా, బూడిదా. నారింజ రంగులో కూర్చుంటే సన్యాసం తీసుకున్నాననుకుంటారని బూడిద రంగు చెప్పాను.

పెట్టె వచ్చాక ఒకసారి మా అపార్టుమెంటు మేడ మీద వేసి చూద్దామన్నాడు. డేరా వేయడం మాకు కొత్తా అన్నాను. మేడ మీద చిన్నా పెద్దా చూస్తుండగా మునసబు మునిమనవడు కాగితం చూసుకుంటూ కర్రలు గుచ్చడం నాకు ఇష్టం లేదు. కొండ కింద వేలమంది చూస్తారన్న సంగతి అప్పటికి తోచలేదు.

శివరాత్రి పొద్దున మేం ముగ్గురం అల్లుడి కారు దిగి మా జాగాలోకి వెళ్ళేసరికి ఎడమపక్క ప్రభ నిలపడానికి నేల చదును చేస్తున్నారు. దక్షిణాన టెంట్ హౌసాయన షామియానాలు అప్పటికే నిలబడి, కుర్చీలు కూడా పడ్డాయి. మా డేరా కిందిపట్టా పరిచి చూస్తే జాగాకు అచ్చంగా సరిపోయింది. తాళ్ళు కట్టడానికి తూర్పున, పడమర, ఉత్తరాన బాట వరకూ ఖాళీ ఉంది. దక్షిణాన అడుగు కూడా లేదు. మా తాత డేరా తాళ్ళు ఎంతదూరం పోయేవో ఎప్పుడూ ఎవరూ కొలవలేదు. ఎటుపోయినా అదంతా మాదే అన్నట్టు ఉండేది.

పెట్టెలో ఒక బొమ్మల కాగితం ఉంది. తండ్రి, తల్లి, ఇద్దరు పిల్లలు, నలుగురూ నవ్వుతూ నాలుగు బొమ్మల్లో ఇల్లు లేపేశారు. ఆ కాగితంలో గాలి లేదు, రాళ్ళు లేవు, మామగారు లేడు. మేం ఒకటో నంబరు కడ్డీని మూడో నంబరు గొట్టంలో దూర్చి అరగంట లాగాం. ఎత్తిన తర్వాత చూస్తే గుమ్మం ప్రభ నిలిచే చోటికి వీపు పెట్టి ఉంది. దించి తిప్పాం. కడ్డీలు పట్టుకున్నది అల్లుడు. తిప్పమని చెప్పింది నేను.

ఈలోగా జనం చేరారు. పక్క ఊరి ముసలావిడ ఒకామె దగ్గరికొచ్చి గుడ్డ చిటికెతో పట్టి చూసింది.

"ఏంది నాయనా, దోమతెరా?"

దోమలకు ఇంత ఇల్లు ఎందుకని వెనకెవరో అన్నారు. సర్కసు వచ్చినట్టుంది, పులి లోపలుందేమో చూడమని ఇంకొకరు. నేను విననట్టు కొండ వైపు చూశాను. విననట్టు ఉండటం మా కుటుంబంలో అందరికీ వచ్చిన విద్య, దానికి శిక్షణ అక్కర్లేదు.

మేకుల దగ్గర పని ఆగిపోయింది. టెంటుతో వచ్చినవి కుట్టుసూదికి అన్నల్లాంటివి. మా నేల జానెడు దిగితే రాయి. మొదటిది వంగింది. రెండోది వంగింది. మూడోది ఎగిరి పక్కవాళ్ళ చాప మీద పడింది. అప్పుడు టెంట్ హౌసాయన తన జాగా అంచు దాకా వచ్చి ఆగి, ఇనప మేకులు ఇవ్వమంటారా అయ్యా అని అడిగాడు. అయ్యా అన్నాడు, బాబాయ్ అనలేదు. అందుకని ఒప్పుకున్నాను. ఇనుము ఎవరిదైనా ఇనుమే అని నాకు నేను చెప్పుకున్నాను. ఆయన పలుగుతో బెజ్జం చేసి, మూరెడు మేకును నాలుగు దెబ్బల్లో దించాడు. మూడు పక్కలా అలాగే. ప్రతి మేకునూ తల డేరాకు అవతలికి ఉండేట్టు వాలుగా కొట్టాడు. నిలువుగా కొడితే ఊడొస్తుందట. మా ఇంటి డేరా గురించి నాకు తెలియని సంగతి వాళ్ళింట్లో మూడు తరాలుగా తెలుసు.

పలుగు భుజాన వేసుకుని ఆయన దక్షిణం వైపు చూశాడు.

"మజ్జానం దాటితే ఇటు నించి గాలి లేస్తదయ్యా. ఈ పక్క తాడు లేకపోతే ఇది నిలవదు."

ఆ పక్క ఆయన జాగా. కొంచెంసేపు అక్కడే నిలబడ్డాడు. నీ జాగాలో రెండు మేకులు కొట్టుకుంటామని నేను ఒక్కమాట అంటే అయిపోయేది. ఆయన దానికోసమే ఆగాడని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. మూడు పక్కలా కట్టాం కదా, చాలన్నాను. ఆయన తలూపి వెళ్ళిపోయాడు.

అడగండి అంది మా ఇంటావిడ. పట్టుచీర కట్టుకుని, పళ్ళెంలో కాయ, పసుపు, కుంకుమ సర్దుకుని ఉంది. మా తాత హయాంలో వాళ్ళు మనల్ని అడిగి నిలబడేవాళ్ళన్నాను. మీ తాత ఇవాళ కాయ అందించడానికి రాడు, నేను అందించాలి అంది. నేను ప్రభ ఎంతవరకూ వచ్చిందో చూసొస్తానని రోడ్డు మీదికి వెళ్ళాను. జవాబు లేనప్పుడు ఏదో ఒకటి చూసిరావడానికి వెళ్ళడం మగవాడికి ఉన్న సౌకర్యం.

తిరిగి వచ్చేసరికి డేరా వేరేగా ఉంది. నాలుగు గోడలూ డప్పు చర్మంలా బిగిసి, పైకప్పు ముడత లేకుండా నిలిచింది. నిజం చెప్పాలంటే ముచ్చటేసింది. పొద్దుట్నుంచి మొదటిసారి అది డేరాలా కనపడింది. దక్షిణం పక్క రెండు తాళ్ళు షామియానా కుర్చీల మధ్యదాకా పోయి, రెండు ఇనప మేకులకు బిగిసి ఉన్నాయి.

"అడిగాను," అంది ఆమె. "మీదే అనుకోండమ్మా అన్నాడు."

మీదే అనుకోండి. ఈ మాట మా తాత ఇంటికొచ్చినవాళ్ళతో అనేవాడు. అనేవాడికీ వినేవాడికీ అది ఎవరిదో బాగా తెలిసినప్పుడే ఆ మాట అంటారు. ఇన్నేళ్ళూ నాకు అది మర్యాద మాటలా వినిపించింది. వినేవాడి స్థానంలో ఎప్పుడూ నిలబడలేదు కాబట్టి.

అనుకోవడమేమిటి, అది మనదే అన్నాను. ఒకప్పుడు అంది. నేను కుర్చీల మధ్యకు నడిచాను.

"ఊడదీయకండి," అంది మా ఇంటావిడ. "అది నేను అడిగి తెచ్చుకున్న మేకు."

ఆ మాట నాకు స్పష్టంగా వినపడింది. అయినా వంగి, మేకు రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ ఊపి పీకాను. రెండోదీ పీకాను. మా వంశంలో డేరా మేకు చేత్తో పట్టుకున్న మొదటివాణ్ణి నేనే. కొట్టడానికి కాదు, పీకడానికి. టెంట్ హౌసాయన చూస్తూనే ఉన్నాడు. తాడుకోసం పక్కకు జరిపిన కుర్చీని మళ్ళీ దాని చోట పెట్టుకున్నాడు.

డప్పులు దగ్గరయ్యాయి. ప్రభ మలుపు తిరిగి కనపడింది. నాలుగు పక్కలా నలభై, యాభై మంది తాళ్ళు పట్టుకుని లాగుతుంటే, ఆ వెదురు గోపురం ఒక పక్కకు ఒరుగుతూ, మళ్ళీ నిటారుగా లేస్తూ వస్తోంది. ఎవరి చేతిలో తాడు ఉందో ఎవరూ చూసుకోవడం లేదు, లాగడమే. ముందు కమిటీ పెద్ద తలపాగాతో నడుస్తున్నాడు.

గాలి కూడా అప్పుడే లేచింది. దక్షిణం గోడ లోపలికి పొంగింది. పైకప్పు ఒకసారి ఎగిరి పడింది. అల్లుడు చెప్పులు వదిలి లోపలికి దూకి, మధ్య కడ్డీని రెండు చేతులా పట్టుకున్నాడు.

"వాళ్ళు చూసి వెళ్ళేదాకా నేను పట్టుకుంటాను, మామయ్యా. మీరు మామూలుగా నిలబడండి."

నేను మామూలుగా నిలబడ్డాను. అది బాగా వచ్చు. లోపల అల్లుడి కాళ్ళ నీడ గోడ మీద ఒకసారి తూర్పుకూ ఒకసారి పడమరకూ పరిగెడుతోంది. ప్రభ నేల చదును చేసిన చోటికి ఎక్కుతుండగా పెద్ద గాలి ఒకటి వచ్చింది. మూడు పక్కలా వాలుగా కొట్టిన మేకులు ఒక్కటీ కదల్లేదు, వాటిని తప్పుపట్టడానికి లేదు. నాలుగో పక్క నుంచి డేరా మొత్తం లేచి, ప్రభ వైపు ఒకసారి వంగి, అల్లుడితో సహా పడుకుంది. నిలువెత్తు గుమ్మం నేల మీద పరుచుకుంది. అందులోంచి అల్లుడు చేతుల మీదా మోకాళ్ళ మీదా బయటికొచ్చాడు.

నవ్విన జనం చానా మంది. పులి బయటికొచ్చిందిరోయ్ అని ఎవరో అన్నారు.

కమిటీ పెద్ద వచ్చి గుడ్డ చుట్టూ ఒకసారి నడిచాడు. టెంట్ హౌసాయన తన జాగాలోంచే కల్పించుకుని, ఇందాకటి దాకా బాగానే నిలబడి ఉంది, నేనే చూశానని నా తరఫున సాక్ష్యం చెప్పాడు. నేను అడగలేదు.

"ఇందాక నిలబడి ఉండటం వేరు బాబాయ్," అన్నాడు కమిటీ పెద్ద, ఆయనతో కాదు, నాతో. "ఇప్పుడు నిలబడి ఉండటం వేరు."

కోపంగా అనలేదు. జాలిగా కూడా అనలేదు. అది నాకు మరీ కష్టంగా ఉంది.

కాయ ఎక్కడ కొట్టాలన్న ప్రశ్న వచ్చింది. డప్పులు ఆగాయి. టెంట్ హౌసాయన భార్య షామియానా ముందు కొంచెం నీళ్ళు చల్లి, మా ఇంటావిడ దగ్గరకొచ్చి, రా అక్కా, ఇక్కడి నుంచి నువ్వే అందియ్యి అంది. మా ఇంటావిడ నా వైపు చూస్తుందనుకున్నాను. చూడలేదు. పళ్ళెం పట్టుకుని, కూలిన డేరా అంచు దాటి, ఆ పక్కకు వెళ్ళి కాయ అందించింది. ఒక్క దెబ్బకే పగిలింది. అందరూ దణ్ణం పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను, మా జాగాలో నిలబడి. మా జాగాలో నిలబడటం అదే ఆఖరు.

ఇంటికొచ్చాక పట్టుచీర మడతపెడుతూ ఆమె ఒక్కటే అంది, అడిగితే తరిగిపోయేది ఏదీ మన దగ్గర లేదని. తరువాత ఆ విషయం ఎత్తలేదు. ఎత్తితే జవాబు చెబుదామని నేను రెండు మూడు తయారుచేసుకున్నాను. అవి అలాగే ఉన్నాయి.

మరుసటేడు మా జాగాలో మజ్జిగ పందిరి పడింది. డేరా అల్లుడు తీసుకెళ్ళాడు. ఏదో చెరువు గట్టున వేసి ఫోటో పంపాడు. నాలుగు పక్కలా తాళ్ళు కట్టాడు. నిలబడే ఉంది.

జాగా పోయాక ఊరికి వెళ్ళే పని లేకపోయింది. ఆ వేసవిలో అక్కడ మా పేరున మిగిలిన పద్దెనిమిది సెంట్ల గొడ్ల దొడ్డి అమ్మాను. కొన్నది టెంట్ హౌసాయన.